స్టేబుల్‌లో లైబ్రరీ మీద చెయ్యి వేసే ముందు

చిరంజీవి మేనల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. డెబియన్ లినక్స్ స్థిర విడుదలైన స్టేబుల్‌లో ఒక లైబ్రరీ (వేరే ప్రోగ్రాములు వాడుకునే ఉమ్మడి కోడ్) బాధ్యత తీసుకున్నావు కదా, ముందు ఆప్ట్-క్యాష్ ఆర్‌డిపెండ్స్ కమాండ్ కొట్టి దాని మీద ఎన్ని ప్యాకేజీలు ఆధారపడ్డాయో చూడు. ఆ జాబితాలో లేనివీ ఉంటాయి. ఎవరో తమ ఆఫీసులో సొంతంగా కంపైల్ చేసుకున్న ప్రోగ్రాములవి. వాటిని నువ్వు మళ్లీ బిల్డ్ చేయలేవు, అందుకే నీ లైబ్రరీయే మాట మీద నిలబడాలి.

సెక్యూరిటీ లోపం బయటపడగానే అప్‌స్ట్రీమ్ వాళ్ల, అంటే లైబ్రరీని అసలు రాసేవాళ్ల, కొత్త వెర్షన్ ఎత్తుకొచ్చి పెట్టకు. మరమ్మతుతో పాటు అడగని మార్పులు బోలెడు వస్తాయి. మరమ్మతు ప్యాచ్ ఒక్కటే విడదీసి పాత కోడ్‌కి అతికించు. 2014 ఏప్రిల్‌లో హార్ట్‌బ్లీడ్ అనే లోపానికి మరమ్మతుగా ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ ఓపెన్ఎస్ఎస్ఎల్ వాళ్లు 1.0.1జి ఇచ్చారు. అప్పటి స్టేబుల్ అయిన డెబియన్ 7 'వీజీ' మాత్రం 1.0.1ఇ దగ్గరే ఉండి, ప్యాచ్ కలిపి, వెర్షన్ చివర డెబ్7యు5 అని పెట్టింది. వెర్షన్ నంబరు మాత్రమే చూసే స్కానర్లు ఇలాంటి ప్యాకేజీలో లోపం ఇంకా ఉందంటాయి. ఆ ఫిర్యాదులకు కంగారుపడి వెర్షన్ పెంచకు. చేంజ్‌లాగ్‌లో సీవీఈ నంబరు (ఆ లోపానికి ఇచ్చిన గుర్తింపు సంఖ్య) రాస్తే అదే జవాబు.

ప్యాచ్ చిన్నదైనా ఏబీఐని, అంటే కంపైలైన ప్రోగ్రాముకీ లైబ్రరీకీ మధ్య ఉన్న ఒప్పందాన్ని, విరగ్గొట్టొచ్చు. పబ్లిక్ హెడర్‌లోని స్ట్రక్ట్ (కొన్ని ఫీల్డ్‌లను వరుసగా పేర్చిన కట్ట) మధ్యలో 4 బైట్ల ఇంట్ ఒకటి చేర్చావనుకో. పాత ప్రోగ్రాము తర్వాతి ఫీల్డ్‌ని 8వ బైట్ దగ్గర వెతుకుతుంది, నీ లైబ్రరీ 12వ బైట్ దగ్గర రాస్తుంది. కంపైలర్ కిక్కురుమనదు, ప్రోగ్రామునీ లైబ్రరీనీ కలిపి నడిపే లోడర్ కూడా ఏమీ అనదు. ప్రోగ్రాము ఎక్కడో సంబంధం లేని చోట కూలుతుంది. దీనికంటే ఫంక్షన్ ఎగిరిపోవడమే నయం, 'అన్‌డిఫైన్డ్ సింబల్' అని పేరు చెప్పి మరీ ఆగుతుంది. డెబియన్ పరికరం డిపికెజి-జెన్‌సింబల్స్ పోయిన సింబల్‌ని (ఫంక్షన్ పేరుని) బిల్డ్‌లోనే పట్టిస్తుంది, స్ట్రక్ట్ మార్పు మాత్రం దానికి కనపడదు. కాబట్టి పాత లైబ్రరీ, కొత్త లైబ్రరీ రెండిటినీ డీబగ్ సమాచారంతో పెట్టి, రెండిటి ఏబీఐని పోల్చే అబిడిఫ్ నడుపు.

ఫంక్షన్ నడవడిక మారినా ప్రమాదమే. లినక్స్ మూల సీ లైబ్రరీ జీలిబ్‌సిలో, మెమరీని నకలు చేసే మెమ్‌కాపీ తీరు మారాక, 2.14 వెర్షన్‌లో ఎక్స్86-64 మీద పాత బైనరీల కోసం 2.2.5 వెర్షన్ సింబల్‌తో పాత తీరునే అందించారు. చూసి నేర్చుకోదగ్గ పద్ధతి అది.

ఏబీఐ మార్చక తప్పదంటే తర్వాతి రిలీజ్ దాకా ఆగి, ఎస్ఓనేమ్ (ప్రోగ్రాములు లైబ్రరీని వెతుక్కునే, వెర్షన్‌తో ఉన్న పేరు) మార్చు. డెబియన్ 11లో ఓపెన్ఎస్ఎస్ఎల్ వాళ్ల లిబ్‌ఎస్ఎస్ఎల్ 1.1 ఉంటే, 12లో లిబ్‌ఎస్ఎస్ఎల్ 3 వచ్చింది. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ దీర్ఘకాల మద్దతు రకం ఈఎస్ఆర్‌కి స్టేబుల్‌లోనే కొత్త వెర్షన్లు ఇస్తున్నారు కదా అంటావేమో. దాన్ని వేరే ప్యాకేజీలు లింక్ చేసుకోవు, పోలిక కుదరదు.

అప్‌లోడ్‌కి ముందు ఆధారపడే ప్యాకేజీలను ర్యాట్ అనే పరికరంతో మళ్లీ బిల్డ్ చేయించు. ఆ తర్వాత వాటి పాత బైనరీలనే కొత్త లైబ్రరీతో నడిపి చూడు, వినియోగదారుల దగ్గర జరిగేది అదే. అప్‌డేట్ వేసుకున్నాక కూడా నడుస్తున్న సర్వీసులు మెమరీలోని పాత ప్రతినే వాడుతుంటాయి. నీడ్‌రీస్టార్ట్ అనే పరికరంతో వాటిని పట్టుకుని రీస్టార్ట్ చేయమని అడ్వైజరీలో స్పష్టంగా రాయి.

నీ మామయ్య