గత నెల సున్నా, ఈ నెల 40 కిలోలు: పెరుగుదల ఎంత శాతం?

ప్రశ్న: మేం ఇంట్లో పచ్చళ్లు పెట్టి అమ్ముతాం. గత నెలతో పోలిస్తే అమ్మకాలు ఎంత శాతం పెరిగాయో ఎక్సెల్‌లో చూసుకుంటాను. గోంగూర గత నెల అసలు అమ్మలేదు, ఈ నెల 40 కిలోలు పోయింది. ఆ గడిలో #డివ్/0! అని వస్తోంది, కింద మొత్తం సగటు కూడా పాడైంది. ఫోన్ క్యాలిక్యులేటర్‌లో చేసినా సున్నాతో భాగించడం కుదరదంటోంది. మా అబ్బాయి జావాస్క్రిప్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషలో 1ని 0తో భాగిస్తే ‘ఇన్ఫినిటీ’ అని వచ్చింది. ఇంతకీ కుదురుతుందా, కుదరదా?

జవాబు: మీ షీట్‌కి ఏమీ కాలేదండీ, టెన్షన్ పడకండి. మామూలు లెక్కల్లో సున్నాతో భాగించడం కుదరదు. 12ని 3తో భాగించడమంటే 12లోంచి మూడేసి చొప్పున ఎన్నిసార్లు తీయగలమో చూడటం. నాలుగుసార్లకు అయిపోతుంది. అదే సున్నా చొప్పున తీస్తూ పోతే? ఎప్పటికీ 12 అలాగే ఉంటుంది. కరెంటుతో నడిచే పాతకాలం మెకానికల్ క్యాలిక్యులేటర్లు భాగహారాన్ని ఇలా తీసివేతలతోనే చేసేవి. వాటిలో చాలావాటికి సున్నాతో భాగించమని చెబితే చక్రాలు గరగర తిరుగుతూనే ఉండేవి, ఆపాలంటే స్టాప్ మీట నొక్కాలి, లేదా ప్లగ్ పీకాలి.

మరి జవాబు అనంతం అనుకుంటే సరిపోదా? 12వ శతాబ్దంలో భాస్కరాచార్యుడు ‘బీజగణితం’ అనే తన గ్రంథంలో అలాగే అన్నాడు, సున్నా హారంగా ఉన్న రాశికి ‘ఖహరం’ అని పేరు పెట్టాడు. నాకు చాలా ఇష్టమైన ఊహ అది. కానీ చిక్కొకటి ఉంది. 1ని 0.1తో, 0.01తో, 0.001తో భాగిస్తే 10, 100, 1000 అని పైకి పోతుంది. మైనస్ 0.1, మైనస్ 0.01 వైపు నుంచి వస్తే అంతే వేగంగా కిందికి పోతుంది. సున్నా దగ్గర రెండు దారులూ కలవవు.

మీ అబ్బాయికి వచ్చిందీ తప్పు కాదు. కంప్యూటర్లలో దశాంశ సంఖ్యల లెక్కల కోసం 1985లో ఐ ట్రిపుల్ ఈ 754 అనే ప్రమాణం వచ్చింది. కంప్యూటర్‌లో మరీ చిన్న సంఖ్యలు అరిగిపోయి సున్నా అయిపోతుంటాయి కాబట్టి, లెక్క మధ్యలో ఆగకుండా ఇన్ఫినిటీ అనే గుర్తు ఇవ్వాలని అందులో ఉంది. జావాస్క్రిప్ట్ దాన్నే పాటిస్తుంది. 0ని 0తో భాగించమనండి, ‘నాన్’ అంటుంది, అంటే అసలు సంఖ్యే కాదని. పైథాన్ అనే మరో భాష మాత్రం రెండిటికీ ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది.

ఆ ఎర్రర్‌ను ప్రోగ్రామ్ రాసేవాళ్లు ముందే ఊహించకపోతే ఏమవుతుందో 1997 సెప్టెంబరులో అమెరికా యుద్ధనౌక యార్క్‌టౌన్‌లో తెలిసింది. సిబ్బందిలో ఒకరు డేటాబేస్‌లో సున్నా ఎంటర్ చేశారు. దాంతో భాగించబోయి నౌకలోని కంప్యూటర్లు వరసగా పడిపోయాయి, ఇంజిన్ల మీద అదుపు పోయింది. రెండు గంటలకు పైగా నౌక నడిసముద్రంలో కదల్లేదు.

ఇక మీ షీట్ సంగతి. చాలామంది ‘ఇఫ్ఎర్రర్’ పెట్టి ఆ గడిలో 0 వచ్చేలా చేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. 40 కిలోలు అమ్మిన గోంగూర ‘0 శాతం పెరిగింది’ అని కనిపిస్తుంది, సగటూ తప్పుతుంది. పైగా ఇఫ్ఎర్రర్ అన్ని రకాల తప్పులనూ కప్పేస్తుంది. దాని బదులు ‘ఇఫ్’ వాడండి: గత నెల గడి 0 అయితే ‘కొత్తది’ అని రాయి, కాకపోతే శాతం లెక్కించు. ఆవరేజ్ ఫార్ములా గడుల్లోని అక్షరాలను వదిలేసి అంకెలనే తీసుకుంటుంది కాబట్టి మీ సగటు మళ్లీ కనిపిస్తుంది.

అన్నట్టు, భాగహారంలో ఖాళీ గడిని కూడా ఎక్సెల్ సున్నాగానే లెక్కేస్తుంది. గోంగూర గత నెల నిజంగానే అమ్మలేదా, ఆ అంకె ఎక్కించడం మరిచిపోయారా అన్నది మాత్రం ఒకసారి మీ పుస్తకంలో చూసుకోండి.