కోస్టారికాకు వారం రోజులు: పెద్దవారితో, వానాకాలంలో

ప్రశ్న: మేము డాలస్‌లో ఉంటాము. విజయనగరం నుంచి వచ్చిన మా అత్తయ్యగారు, మామయ్యగారు ఆగస్టు చివరిదాకా మాతోనే ఉంటారు. జూలైలో పిల్లల సెలవులు చూసుకుని ఆరుగురమూ ఒక వారం కోస్టారికా వెళ్లి రావాలని అనుకుంటున్నాము. అగ్నిపర్వతం, మేఘాల అడవి, రెండు సముద్రాలు, తాబేళ్లు అన్నీ చూడాలని పిల్లల పట్టుదల. మామయ్యగారికి 68 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు ఉన్నాయి. పెద్దవారిద్దరూ శాకాహారులు. జూలైలో అక్కడ వానలని విన్నాము. వెళ్లవచ్చునా?
– ఒక పాఠకురాలు

జవాబు: నిశ్చింతగా వెళ్లవచ్చును. అయితే టికెట్లు కొనే ముందు ఇంట్లో అందరి పాస్‌పోర్టులూ తెరిచి వీసా పేజీలు చూడండి. భారతీయ పాస్‌పోర్టు ఉన్నవారికి కోస్టారికా వీసా అవసరమే కాని, పలుమార్లు ప్రవేశించడానికి వీలున్న అమెరికా వీసా గడువులో ఉంటే ఆ దేశం విడిగా వీసా అడగదు. మీ అత్తమామల పర్యాటక వీసా సాధారణంగా అటువంటిదే అయి ఉంటుంది. మీ దంపతుల వీసా ఏదో మీరు రాయలేదు. హెచ్-1బి మీద ఉన్నవారిలో చాలామందికి ఉద్యోగ అనుమతి పొడిగింపు కాగితం చేతిలో ఉన్నా, పాస్‌పోర్టులోని వీసా ముద్ర గడువు ఎప్పుడో తీరిపోయి ఉంటుంది. కెనడా, మెక్సికోలకు 30 రోజుల లోపు వెళ్లి వచ్చేవారికి ఉన్న సడలింపు కోస్టారికాకు వర్తించదు కనుక, గడువు తీరిన ముద్రతో బయలుదేరితే తిరుగు విమానం ఎక్కలేక అక్కడే చిక్కుకుపోతారు. ముద్ర పాతదైతే ఈ ప్రయాణం మానుకోవడమే మంచిది. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి కోస్టారికా రాయబార కార్యాలయం ప్రకటించే వివరాలను బయలుదేరే ముందు మరొకసారి సరిచూసుకోండి. పెద్దవారికి తీసుకున్న ఆరోగ్య బీమా అమెరికా దాటితే పనిచేస్తుందో లేదో కూడా అడిగి తెలుసుకోండి.

ఇక వానల సంగతి. పసిఫిక్ వైపు, మధ్య లోయలో డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా పొడికాలం, మే నుంచి నవంబరు దాకా వానాకాలం. కరీబియన్ వైపు లెక్క వేరు. అక్కడ జూలైలో వానలు గట్టిగానే పడి, సెప్టెంబరు, అక్టోబరుల్లో తెరిపి ఇస్తాయి. వానాకాలంలో కూడా చాలా చోట్ల ఉదయం ఎండ కాసి, మధ్యాహ్నం తరువాతే వాన దిగుతుంది. అక్కడ ఉదయం అయిదున్నరకే తెల్లవారి, సాయంత్రం ఆరు దాటేసరికి చీకటి పడుతుంది కనుక, ఆరింటికల్లా బయటపడి రెండింటికల్లా గదికి చేరుకునేలా రోజును అమర్చుకోండి.

అన్నీ చూడాలన్న పట్టుదలను మాత్రం పిల్లలకు నచ్చజెప్పి సడలించాలి. దేశ విస్తీర్ణం 51,100 చదరపు కిలోమీటర్లు, అంటే తెలంగాణలో సగం కూడా లేదు. అయినా నడుమ కొండల వరుస ఉండడం వల్ల మ్యాపులో జానెడు కనిపించే దూరానికి ఘాట్ రోడ్డు మీద పూట గడిచిపోతుంది. రెండు సముద్రాలూ చూడబోతే మీ మామయ్యగారి సెలవంతా వాహనంలోనే గడుస్తుంది. మేఘాల అడవికి పేరుపొందిన మాంటెవెర్డెను, పసిఫిక్ తీరాన్ని ఈసారికి వదులుకోండి. వెళ్లిన రాత్రి, తిరుగు ప్రయాణం ముందు రాత్రి విమానాశ్రయం ఉన్న అలహువేలాలో ఉండి, మధ్యలో లా ఫోర్తునాకు మూడు రాత్రులు, కరీబియన్ తీరంలోని టోర్టుగెరోకు రెండు రాత్రులు కేటాయించండి. కారు అద్దెకు తీసుకోవడం కంటే డ్రైవరుతో వ్యాను మాట్లాడుకోవడం మేలు.

లా ఫోర్తునాను ఆనుకునే అరెనాల్ అగ్నిపర్వతం ఉంది. 1968లో బద్దలై ఊళ్లను ధ్వంసం చేసిన ఈ పర్వతం 2010 నుంచి శాంతించింది కాబట్టి, లావా కనబడదని పిల్లలకు ముందే చెప్పండి. శిఖరం మీద మబ్బు లేకుండా చూడాలంటే ఉదయమే అనువైన వేళ. జలపాతం దగ్గరికి దిగాలంటే దాదాపు 500 మెట్లున్నాయి. పిల్లలను మీరు తీసుకువెళ్లండి, మామయ్యగారిని వేడినీటి గుండాల దగ్గర ఉంచండి. చెట్ల మీద నిదానంగా కదిలే స్లాత్ అనే జంతువును చూడడానికి గైడు తప్పనిసరి. మనకు కొమ్మల మధ్య నాచు పట్టిన మూటలా కనబడేది, అతడు దుర్భిణి సరిచేసి చూపగానే మెల్లగా తల తిప్పుతుంది. దాని బొచ్చులో నిజంగానే నాచు పెరుగుతుంది. మలవిసర్జనకని ఆ జంతువు సుమారు వారానికి ఒకసారి మాత్రమే చెట్టు దిగుతుంది.

టోర్టుగెరోకు రోడ్డు లేదు, పడవలోనో చిన్న విమానంలోనో చేరుకోవాలి. మోకాళ్ల నొప్పులున్నవారికి ఇంతకంటే అనువైన అడవి నాకు తోచడం లేదు, ఎందుకంటే కాలువల్లో పడవలో కూర్చునే కోతులనూ, మొసళ్లనూ, కొంగలనూ చూడవచ్చును. ఆకుపచ్చ తాబేళ్లు గుడ్లు పెట్టే కాలం జూలై నుంచి అక్టోబరు దాకా. రాత్రి పూట, అనుమతి ఉన్న గైడు వెంట మాత్రమే తీరానికి వెళ్లనిస్తారు. ఫోను, కెమెరా, తెల్లని వెలుగు నిషేధం, ముదురు రంగు బట్టలు వేసుకోవాలి. తెడ్ల వంటి వెనుక కాళ్లతో ఇసుకను చెంచాతో తోడినట్టు తోడి, నూరు దాకా గుడ్లు పెట్టి, గుంట పూడ్చి, ఆ తల్లి తాబేలు ఆగి ఆగి సముద్రంలోకి తిరిగి వెళుతుంది. చీకట్లో ఇసుక నడక కాబట్టి మామయ్యగారు గదిలోనే ఉండడం మంచిది. అక్కడి సముద్రంలో ప్రవాహాలు బలమైనవి, పిల్లలను నీటిలోకి దిగనివ్వకండి. డెంగీ ఉన్న దేశం కనుక దోమల మందు, నిండు చేతుల చొక్కాలు మరవకండి.

భోజనానికి భయపడవలసిన పని లేదు. “సోడా” అని పిలిచే చిన్న భోజనశాలల్లో ఉదయం “గాయో పింటో” పెడతారు. అది రాత్రి అన్నాన్ని నల్ల చిక్కుళ్లతో, ఉల్లి, కొత్తిమీరతో వేయించిన వంటకం, మన పోపన్నానికి దగ్గరి చుట్టం. కరీబియన్ వైపు అదే అన్నాన్ని కొబ్బరిపాలతో వండుతారు. అయితే కొన్నిచోట్ల చిక్కుళ్లలో పంది కొవ్వు వేస్తారు, కాబట్టి “సిన్ కార్నె, సిన్ పోయో, సిన్ పెస్కాదో” (మాంసం, కోడి, చేప వద్దు) అనడంతో ఆగక, “సిన్ మాంతేకా” (కొవ్వు వద్దు) అని కూడా చెప్పండి. అత్తయ్యగారి కోసం సీలు వేసిన కందిపొడి ప్యాకెట్లు రెండు సరిపోతాయి. టోర్టుగెరోలో బస చేసే చోట్లు తక్కువ, తాబేళ్ల కాలంలో త్వరగా నిండిపోతాయి కాబట్టి, వీసా పేజీలు సరిగా ఉన్నాయని తేలిన వెంటనే మొదట అక్కడి గదులు ఖాయం చేసుకుని, మిగిలిన తేదీలను వాటిని బట్టి అమర్చుకోండి.