లాక్‌డౌన్ కేసు: ఒప్పుకుని ఫైన్ కట్టేస్తే పోతుందా?

ప్రశ్న: 2020 ఏప్రిల్‌లో నాన్నకు ఇన్సులిన్ తేవడానికి బైక్‌పై వెళ్తే పోలీసులు ఆపి ఐపీసీ 188 (అధికారి ఉత్తర్వు ఉల్లంఘన), 269 (జబ్బు వ్యాపించేలా నిర్లక్ష్యం), విపత్తు నిర్వహణ చట్టం 51(బి) కింద కేసు పెట్టారు. నెల తిరక్కుండానే నాన్న పోయారు. 2023 ఆగస్టులో చార్జిషీటు వేశారట. రెండుసార్లు సమన్లు వచ్చినా టెన్షన్‌తో కోర్టుకు వెళ్లలేదు. ఇప్పుడు పాస్‌పోర్టు ఆగింది. నేరం ఒప్పుకుని ఫైన్ కట్టేయమంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: ఒప్పుకోవద్దు. ఫైన్ ఎంత చిన్నదైనా రికార్డులో అది శిక్షే. రేపు ఏ ఉద్యోగ దరఖాస్తులోనైనా 'శిక్ష పడిందా?' అన్న గడిలో 'అవును' అని రాయాలి.

ఇన్సులిన్ సంగతి విచారణలో చెప్పుకోవచ్చు. మీ కేసు తేలేది మాత్రం కోర్టులో ఫిర్యాదు ఎవరు వేశారన్న దగ్గర. మహమ్మారి వేళ జనాన్ని ఇళ్లలో ఉంచే అధికారం ప్రభుత్వానికి ఉండాల్సిందే. ఆ అధికారం సామాన్యుడి మీదికి అడ్డదిడ్డంగా రాకుండా చట్టం ఒక గడియ పెట్టింది. సీఆర్పీసీ (అప్పటి నేర విచారణ ప్రక్రియ చట్టం) 195 ప్రకారం 188 కేసులో, ఉత్తర్వు ఇచ్చిన అధికారి గానీ ఆయన పైఅధికారి గానీ రాతపూర్వకంగా ఫిర్యాదు చేస్తేనే కోర్టు విచారణకు తీసుకోవాలి. ఉత్తర్వు కలెక్టరుదైతే ఎస్సై చార్జిషీటు చాలదు. 51(బి)కీ విపత్తు నిర్వహణ చట్టంలోనే సెక్షన్ 60 కింద ఇలాంటి అడ్డే ఉంది. 269కి ఈ రక్షణ లేదు గానీ, జబ్బు అంటించే అవకాశమున్న నిర్లక్ష్యాన్ని ప్రాసిక్యూషనే రుజువు చేయాలి. మీకు పాజిటివ్ అన్న రిపోర్టు ఫైల్లో ఉందా? చూడండి.

ఇక కోర్టు కేసును విచారణకు తీసుకోవడానికి ఉన్న గడువు. ఈ మూడు నేరాలకూ సీఆర్పీసీ 468 కింద ఏడాదే. కోవిడ్ వల్ల 15-3-2020 నుంచి 28-2-2022 వరకు లెక్కలోంచి తీసేయాలని సుప్రీంకోర్టు చెప్పింది కదా అని ప్రాసిక్యూషన్ వాదిస్తుంది. అలా తీసేసినా 2023 ఫిబ్రవరి ఆఖరుకే గడువు ముగిసింది. ఆలస్యాన్ని మన్నించే అధికారం 473 కింద కోర్టుకు ఉంది కాబట్టి చార్జిషీటు మీద కోర్టు ముద్ర తేదీ, మన్నింపు ఉత్తర్వు రెండూ వెతకండి.

సమన్లు వచ్చినా వెళ్లకపోవడం మాత్రం పెద్ద తప్పు. వారెంటు వచ్చి ఉంటే ముందు లాయరుతో హాజరై దాన్ని రీకాల్ (రద్దు) చేయించుకోండి. మందుల షాపు రసీదులో అక్షరాలు ఈపాటికి చెరిగిపోయి ఉంటాయి. ఫోన్‌పేలో కట్టి ఉంటే ఆ రోజు బ్యాంకు స్టేట్‌మెంట్ తీసుకోండి. నాన్నగారి ప్రిస్క్రిప్షన్ భద్రంగా పెట్టండి.

ఎఫ్‌ఐఆర్, చార్జిషీటు సర్టిఫైడ్ కాపీలు తీసుకుని, కేసు కొట్టివేయాలని బీఎన్‌ఎస్‌ఎస్ (సీఆర్పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 528 కింద హైకోర్టులో పిటిషన్ వేయించండి. అది తేలేలోగా పాస్‌పోర్టుకు అనుమతి కోరుతూ కేసున్న కోర్టులోనే దరఖాస్తు పెట్టండి. 1993 ఆగస్టు 25 నాటి కేంద్ర నోటిఫికేషన్ అందుకు వీలిస్తోంది. పాస్‌పోర్టు ఫారంలో కేసు సంగతి మాత్రం దాచకండి. తెలిసి అబద్ధం రాస్తే పాస్‌పోర్టు చట్టం 12 కింద రెండేళ్ల దాకా జైలు.