స్టీఫెన్ ఫోస్టర్ జీవితంపై 1935లో వచ్చిన ‘హార్మనీ లేన్’ చూడదగినదేనా?

అమెరికన్ పాటల రచయిత స్టీఫెన్ ఫోస్టర్ జీవితం ఆధారంగా వచ్చిన ‘హార్మనీ లేన్’ చూడదగినదేనా, అందులోని విషాదం ఎంతవరకు నిజం అని మీరు అడిగారు. చూడదగినదే. అయితే అతని జీవితం ఎందుకు అలా ముగిసిందన్న విషయంలో మాత్రం ఆ సినిమా మాటను నమ్మవద్దని మనవి. పిట్స్‌బర్గ్ పేరు చెబితే మనవాళ్లలో చాలామందికి పెన్ హిల్స్‌లోని వేంకటేశ్వరస్వామి ఆలయమే గుర్తుకు వస్తుంది; నేను అక్కడి విశ్వవిద్యాలయంలో చదువుకున్నాను కనుక, ప్రాంగణంలోనే ఉన్న ఫోస్టర్ స్మారక భవనం మీదుగా తరగతులకు వెళ్లే అలవాటు వల్ల ఈ మనిషి మీద ఆసక్తి కలిగింది. సినిమాను మొదట అక్కడే చూశాను, అతని గురించి చదివిన తరువాత మళ్లీ చూశాను, రెండోసారి చూసినప్పుడు నా అభిప్రాయం చాలా మారింది.

ఈ చిత్రాన్ని నిర్మించింది నాట్ లెవీన్ నడిపిన మాస్కట్ పిక్చర్స్. వారం వారం ఒక్కో భాగంగా విడుదలయ్యే సాహస సీరియళ్లకు పేరుపడిన ఆ చిన్న సంస్థ 1935లోనే మరికొన్ని సంస్థలతో కలిసి రిపబ్లిక్ పిక్చర్స్‌లో భాగమైపోయింది. అంత తక్కువ పెట్టుబడితో పనిచేసే సంస్థ, నిండా పాటలున్న పాతకాలపు కథను తలకెత్తుకోవడానికి ప్రధాన కారణం ఆ పాటలు ఉచితంగా దొరకడమేనని నా నమ్మకం. ఫోస్టర్ పాటల కాపీరైట్ గడువు అప్పటికే తీరిపోయింది. కొత్తగా స్వరకర్తను పెట్టుకోనక్కరలేదు, ఎవరికీ హక్కుల రుసుము చెల్లించనక్కరలేదు, పైగా ప్రేక్షకులందరికీ ఆ పాటలు నోటికి వచ్చు. ఏ పాటలకు తగిన ప్రతిఫలం అందక ఆ మనిషి చితికిపోయాడో, అవే పాటలకు ఒక్క సెంటు కూడా చెల్లించకుండా అతని కన్నీటి కథను తెరకెక్కించగలిగారన్న సంగతి తెలిశాక, ఆ సినిమాను మునుపటి మనసుతో చూడడం నాకు సాధ్యం కాలేదు.

ఫోస్టర్ 1826 జూలై 4న పిట్స్‌బర్గ్ దగ్గరి లారెన్స్‌విల్‌లో పుట్టాడు. మాటలూ వరుసలూ రెండూ తనే కట్టేవాడు. సిన్సినాటిలో అన్నగారి స్టీమర్ల వ్యాపారంలో లెక్కలు రాస్తున్న రోజుల్లో ‘ఓ సుసానా’ పాట 1848లో అచ్చయింది. మరుసటి ఏడాది బంగారం వేటలో కాలిఫోర్నియాకు వెళ్లినవారు దానిని దారి పొడవునా పాడుకున్నారు. డజనుకు పైగా ప్రచురణకర్తలు దానిని తమ తమ పేర్లతో అచ్చువేసి అమ్ముకోగా, అతని చేతికి అందినది నూరు డాలర్లేనని చెబుతారు. తరువాత న్యూయార్క్‌కు చెందిన ఫర్త్, పాండ్ సంస్థ, అచ్చు ఖర్చులు పోగా, అమ్ముడైన ప్రతికి రెండు సెంట్ల చొప్పున రాయల్టీ ఇవ్వడానికి 1849లో ఒప్పుకుంది. అమెరికాలో కేవలం పాటలు రాసి బతకాలని పూనుకున్న తొలివారిలో అతను ఒకడు, ఆ బతుకును నిలబెట్టే చట్టం మాత్రం ఆనాటికి లేదు. రంగస్థలం మీద వేలసార్లు పాడినా, వాయించినా రచయితకు ఏమీ రాదు. బహిరంగ ప్రదర్శనపై సంగీతకర్తలకు హక్కు కల్పించిన అమెరికన్ చట్టం 1897లో గాని రాలేదు. మన దేశంలో సినిమా పాటల రచయితలకు, ఆ పాటలు ఇతర మాధ్యమాల్లో వాడుకున్నప్పుడు వచ్చే రాయల్టీలో వదులుకోవడానికి వీల్లేని వాటాను 2012 సవరణ చట్టం కల్పించిందని గుర్తు చేసుకుంటే, ఇది ఎవరో పరాయివారి పాత గోడు అనిపించదు.

‘ఓల్డ్ ఫోక్స్ ఎట్ హోమ్’ విషయం ఇంకా బాధ కలిగిస్తుంది. 1851లో ఆ పాటను, ముఖాలకు నల్లరంగు పూసుకుని నల్లజాతివారిని అనుకరిస్తూ పాడే తెల్లవాళ్ల ‘మిన్‌స్ట్రెల్’ బృందం నాయకుడు ఎడ్విన్ క్రిస్టీ తన పేరుతో అచ్చు వేయించుకునేందుకు ఫోస్టర్ డబ్బు తీసుకుని ఒప్పుకున్నాడు. ఆ తరహా పాటల పట్ల పెద్దమనుషులకున్న చిన్నచూపు తన ఇతర రచనలకు చేటు తెస్తుందేమోనన్న భయం అందుకు కారణం. మరుసటి ఏడాదే మనసు మార్చుకుని, ఇకమీదట తన పేరే ఉండాలని ఉత్తరం రాశాడు గాని క్రిస్టీ అంగీకరించలేదు. 1857లో డబ్బు ఇబ్బంది తట్టుకోలేక, అప్పటివరకు రాసిన పాటలపై ముందుముందు రాబోయే రాయల్టీలన్నిటినీ రెండు వేల డాలర్లలోపు మొత్తానికి వదులుకున్నాడు. తాగుడు, న్యూయార్క్‌లో ఒంటరితనం ఆ తరువాత మిగిలిన పని పూర్తి చేశాయి. 1864 జనవరి 13న బెల్‌వ్యూ ఆసుపత్రిలో 37 ఏళ్లకే మరణించినప్పుడు అతని దగ్గర మిగిలినవి 38 సెంట్లు, ఏదో పాటకు మొదలుగా రాసుకున్నట్టున్న చిన్న చీటీ.

సినిమా ఈ లెక్కలన్నిటినీ పక్కకు నెట్టి, దోషాన్ని దాదాపుగా భార్య మీద మోపింది. మనసిచ్చిన సుసాన్ పెంట్లండ్ దక్కకపోవడం, సంగీతమంటే గిట్టని జేన్ మెక్‌డవెల్‌ను పెళ్లాడి నలిగిపోవడం: కథ అంతా ఈ దారిలోనే నడుస్తుంది. సుసాన్ నిజంగానే ఉన్న మనిషి, అతని తొలి ప్రచురిత గీతం ఆమెకే అంకితమైంది. అంతమాత్రాన దానిని భగ్నప్రేమగా తీర్మానించడానికి ఆధారం లేదు. దాంపత్యం సాఫీగా సాగలేదన్నది నిజమే, ఇద్దరూ విడివిడిగా ఉన్న కాలమూ ఉంది. కానీ ఆ జేనే టెలిగ్రాఫ్ ఆఫీసులో ఉద్యోగం చేసి కూతురిని పెంచింది, భర్త పోయాడని తెలియగానే అతని సోదరులతో పాటు న్యూయార్క్ వెళ్లింది. ఒక కళాకారుడు పతనమైతే ఇంటి ఆడదాన్ని కారణంగా చూపడం సినిమావాళ్లకు ఏ దేశంలోనైనా సులువైన దారి. ఇక్కడ అది ఒక నిజమైన స్త్రీ పేరు మీద జరగడం నాకు అన్యాయంగా తోస్తుంది.

మరొక విషయం ముందే తెలిసి ఉండాలి. నల్లజాతివారిని అలా అనుకరించి నవ్వించే మిన్‌స్ట్రెల్ ప్రదర్శనలను ఈ చిత్రం ఏ సంకోచమూ లేకుండా వేడుకలా చూపిస్తుంది. ఫోస్టర్ పాటలు ఆ వేదికల మీద పెరిగినవే కనుక దాచడం కుదరదు, కానీ 1935 నాటి దృష్టిలో అది ప్రశ్నించదగిన విషయంగా కూడా కనిపించలేదు. పిట్స్‌బర్గ్‌లో, ఫోస్టర్ పాదాల దగ్గర బ్యాంజో వాయించే నల్లజాతి మనిషిని కూర్చోబెట్టిన విగ్రహాన్ని 2018లో తొలగించారు. ఆ విగ్రహంపై అభ్యంతరం ఎందుకు వచ్చిందో ఈ సినిమా చూస్తే అర్థమవుతుంది. క్లారెన్స్ మ్యూజ్ వంటి మంచి నటుడికి ఓల్డ్ జో పాత్రలో ఇచ్చిన చోటు ఎంత ఇరుకైనదో కూడా గమనించండి.

ఇంత చెప్పీ చూడమని ఎందుకు అంటున్నానంటే, డగ్లస్ మాంట్‌గోమరీ కోసం. సెట్లు చిన్నవి, దర్శకుడు జోసెఫ్ శాంట్లీ కథను హడావిడిగా ఏళ్లు దాటిస్తాడు, అయినా ఆ నటుడు ఫోస్టర్ మెతకదనాన్ని, బేరం ఆడలేని మొహమాటాన్ని, తాగుడులోకి జారే క్రమాన్ని ఎంతో నమ్మకంగా చూపించాడు. 1939లో ఇదే జీవితాన్ని ఫాక్స్ సంస్థ రంగుల్లో, డాన్ అమీచీ ఫోస్టర్‌గా, ఆల్ జోల్సన్ క్రిస్టీగా, ఎంతో ఘనంగా తీసింది. నాకు మాత్రం ఈ చవక సినిమాలోని మనిషే ఫోస్టర్‌కు దగ్గరగా కనిపించాడు. ఇంటర్నెట్‌లో నేను చూసిన ప్రతులలో బొమ్మ అరిగిపోయింది, శబ్దం కూడా మసకగా ఉంది, కనుక పాటలను మంచి గాయకుల రికార్డింగులలో విడిగా వినండి. అన్నిటికంటే ముందు, అతని మరణం తరువాత అచ్చయిన ‘బ్యూటిఫుల్ డ్రీమర్’ వినండి.