తలుపు సంగతి సరే, మధ్యలో మీరెందుకు?

పర్లాకిమిడి నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరంలో ముఖ్యమైన సంగతులివి. "మాది పాత ఇల్లు. వీధి తలుపు మా మామయ్యగారు వడ్రంగం చేసే రోజుల్లో సొంతంగా చేసుకున్న టేకు తలుపు. రథయాత్ర దాటి వానలు పట్టినప్పటి నుంచి తాళం సరిగ్గా పడటం లేదు. తలుపు కాస్త పైకెత్తి, భుజంతో నెట్టి తాళం తిప్పాలి. రాత్రిళ్ళు కుట్టుమిషన్ అడ్డం పెట్టి పడుకుంటున్నాం. మామయ్యగారు వేరే వడ్రంగిని ఒప్పుకోరు, 'నేనే చేస్తా' అంటారు. ఆయనకి చూపు ఆనదు, చెయ్యి వణుకుతుంది. మా ఆయనకి చెబితే 'నువ్వే నాన్నతో మాట్లాడు' అంటారు. తిత్లీ తుఫాను తర్వాత ఈయన ఇనుప తలుపు పెట్టిద్దామన్నారు. అప్పటి నుంచి తండ్రీకొడుకులకి నేరుగా మాటల్లేవు. అన్నం దగ్గర కూడా 'నాన్నకి చారు కావాలేమో అడుగు' అని నాతోనే అంటారు. మామయ్యగారిని శ్రీకాకుళం కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళేది నేనే. ఈసారి ఆడపడుచుతో పంపించి, పాతపట్నం వడ్రంగిని పిలిచి ఆ రోజే తలుపు మార్పించేద్దామనుకుంటున్నాను. తప్పంటారా?"

తప్పే అమ్మా. ఆ ఆలోచన ఇక్కడితో మానుకోండి. పెద్దాయన ఇంటికి తిరిగొచ్చి తలుపు మీద చెయ్యి వెయ్యగానే తెలిసిపోతుంది. కళ్ళు కనిపించకపోయినా, తను చిత్రిక పట్టిన చెక్కని ఆ చెయ్యి పోల్చుకోలేదా? ఆ రోజు జరిగే గొడవకి నింద మీ ఆయన మీద పడదు, "కోడలు చేసింది" అనే అంటారు.

మీరు అడగని సంగతే నన్ను ఎక్కువ బాధపెట్టింది. తిత్లీ వచ్చింది 2018 అక్టోబరులో. అప్పటి నుంచి ఒకే కప్పు కింద ఉంటూ, ఒకే పంక్తిలో భోంచేస్తూ, ఒక కొడుకు తండ్రిని "నాన్నా, చారు పోయమంటారా" అని అడగలేకపోయాడు. ఆ భారమంతా మీ నెత్తిన పెట్టి ఊరుకున్నాడు. ఇది తండ్రి మీద గౌరవం అని మీ ఆయన అనుకుంటూ ఉండొచ్చు. నేను ఒప్పుకోను. తప్పించుకు తిరగడం గౌరవం కాదు. ఇనుప తలుపు మాట అన్నది మీ ఆయన, నొచ్చుకున్నది ఆయన తండ్రి. సర్దుకోవాల్సింది వాళ్ళిద్దరూ.

ఇనుప తలుపు మాట మీ ఆయన చెడ్డ ఉద్దేశంతో అని ఉండరు. ఆ గాలివానకి బెదిరి, పెళ్ళాం బిడ్డల కోసం అన్నారు. పెద్దాయనకి మాత్రం "నీ చేతి పని ఇంక పనికిరాదు" అన్నట్టు వినిపించి ఉంటుంది. జీవితమంతా ఊరి వాళ్ళ ఇళ్ళకి తలుపులు బిగించిన మనిషికి అది చిన్న దెబ్బ కాదు. "నాన్నా, నేను భయపడి అన్నాను" అని ఒక్క మాట కొడుకు నోటి నుంచే రావాలి. మీరు ఎంత బాగా చెప్పినా అది కోడలి మాటే అవుతుంది.

అందుకని ఈ రోజు నుంచి కబుర్లు మొయ్యడం ఆపెయ్యండి. మీ ఆయన "నాన్నతో చెప్పు" అంటే, "ఎదురుగానే ఉన్నారుగా, మీరే చెప్పండి" అని వంటింట్లోకి వెళ్ళిపోండి. మామయ్యగారు అడిగినా అంతే, "మీ అబ్బాయి ఇక్కడే ఉన్నారు మామయ్యా" అనండి. విసుగు వద్దు, మర్యాద తగ్గనక్కర్లేదు. నాలుగు రోజులు ఇంట్లో మౌనంగా ఉంటుంది, ఉండనివ్వండి. కోడలిగా పెద్దాయనకి చెయ్యాల్సింది మీరు చేస్తూనే ఉన్నారు. మీ ఆయన కొడుకుగా చెయ్యాల్సింది కూడా మీరే చెయ్యాలని ఎక్కడా లేదు.

ఇక తలుపు. మార్చాల్సిన పనే లేదు. తలుపు తెరిచి పెట్టి, తాళంచెవి తిప్పి చూడండి. తాళం నాలుక (బయటికి పొడుచుకొచ్చే ఇనుప ముక్క) సులువుగా బయటికొచ్చి లోపలికి వెళ్తోందంటే తాళం బాగానే ఉంది, తలుపే కిందికి దిగింది. పైకెత్తితే పడుతోందని మీరే రాశారు కాబట్టి నాకదే అనుమానం. టేకు తలుపు బరువుకి లాగుడంతా ఎక్కువగా పై మడతబందు మీదే పడుతుంది. దాని స్క్రూలు వదులైతే తాళం వైపు అంచు కిందికి వాలుతుంది. నాలుక కొసకి కాస్త కుంకుమ రాసి, తలుపు మూసి తాళం తిప్పండి. ద్వారబంధానికి ఉన్న రేకు మీద మరక రంధ్రానికి కింద పడితే సంగతి అదే. స్క్రూలు తీసి, ఆ రంధ్రాల్లో జిగురు పూసిన అగ్గిపుల్లలు దట్టించి, ఆరాక మళ్ళీ బిగించాలి, లేదా ఇంకాస్త పొడుగు స్క్రూలు వెయ్యాలి. వానల్లో చెక్క నీరు పీల్చి ఉబ్బుతుంది, అంచులు రాసుకుంటాయి. అలాగని ఇప్పుడే చిత్రిక పట్టించకండి, పొడి రోజులు వచ్చాక చెక్క ఎండి సందు పడుతుంది. తాళంలో కొబ్బరినూనె పోయొద్దు, దుమ్ము పట్టి జిడ్డు కడుతుంది. పెన్సిల్ ముల్లు పొడి చాలు.

ఇదంతా మామయ్యగారికి నాకంటే బాగా తెలుసు. ఆయన అరుగు మీద కూర్చుని చెప్పాలి, మీ ఆయన స్క్రూడ్రైవర్ పట్టాలి. తనకి వడ్రంగం రాదని మీ ఆయన అనొచ్చు. స్క్రూ బిగించడానికి అంత విద్య అక్కర్లేదు.

కుట్టుమిషన్ మాత్రం ఈ రాత్రే తీసెయ్యండి. చూపు ఆనని మనిషి చీకట్లో లేస్తే దానికి తగిలి పడతారు. తలుపు లోపలికి తెరుచుకునేదైతే, మూశాక తాళం వైపు అంచు కింద ఒక చెక్క చీలిక దూర్చండి. తలుపు పైకి లేచి తాళం పడుతుంది, బయటి నుంచి నెట్టినా తేలిగ్గా రాదు.

ఇంకొకటి. డాక్టరు దగ్గరికి ఈసారి మీరూ వద్దు, మీ ఆడపడుచూ వద్దు. సెలవు పెట్టి మీ ఆయన్నే తీసుకెళ్ళమనండి. ఈ జవాబు కూడా మీరు చదివి వినిపించకండి, ఆయన చేతికే ఇవ్వండి.