రాత్రి రెండు గంటలకు గంట నొక్కితే ఎవరు వస్తారు?

ప్రశ్న: నా వయసు 68, మావారి వయసు 74. కాకినాడలో సొంత ఇంట్లో ఉంటున్నాం. మూడేళ్ల క్రితం ఆయనకు పార్కిన్సన్స్ జబ్బు ఉన్నట్టు తేలింది. పిల్లలిద్దరూ అమెరికాలో స్థిరపడ్డారు. హైదరాబాదు శివార్లలో సీనియర్ సిటిజన్ల కోసం కట్టిన నివాస సముదాయంలో ఫ్లాటు తీసుకొమ్మని పట్టుబడుతున్నారు. వెళ్లి చూసి వచ్చాం. తోట, గుడి, గ్రంథాలయం, భోజనశాల అన్నీ బాగానే ఉన్నాయి, అయినా మనసు ఒప్పుకోవడం లేదు. చేరే ముందు ఏమేమి చూసుకోవాలి?
— ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: అమ్మా, మీరు చూసి వచ్చినవన్నీ నడవగలిగిన మనిషికి పనికివచ్చేవి. మీవారి జబ్బు మెల్లమెల్లగా ముదిరేది కనుక, ఆయన తనంతట తాను మంచం దిగలేని రోజు వస్తే అక్కడే ఉండనిస్తారా, వేరే చోటు చూసుకోమంటారా అన్నది మీరు అడగవలసిన మొదటి మాట. ఇటువంటి సముదాయాలలో చాలావరకు తమ పనులు తాము చేసుకోగలవారిని ఉద్దేశించి కట్టినవే. స్నానం చేయించడం, తినిపించడం, పక్క మీద ఒత్తిగిలించడం వంటి సేవలు కొన్నిచోట్ల విడి విభాగంలో విడి రుసుముతో దొరుకుతాయి, కొన్నిచోట్ల అసలే ఉండవు. జవాబు నోటిమాటగా చెబితే ఒప్పుకోకండి, ఒప్పందంలో ఏ పేజీలో ఉందో చూపించమనండి.

ఆ తరువాత చూడవలసినది మందుల వేళ. ఈ జబ్బుకు ప్రధానంగా వాడే లెవోడోపా మాత్ర పప్పు, పెరుగు, గుడ్డు, మాంసం వంటి మాంసకృత్తులున్న భోజనంతో పాటు కడుపులోకి వెళితే చాలామందికి సరిగా ఒంటబట్టదు. అందుకే సాధారణంగా భోజనానికి అరగంట ముందో, తిన్న గంట తరువాతో వేసుకోమంటారు. జబ్బు ముదిరేకొద్దీ వేళ కాస్త తప్పినా కాళ్లూ చేతులూ బిగుసుకుపోతాయి. ఒక నివాసానికి వెళ్లినప్పుడు నేను కళ్లారా చూసిన సంగతి చెబుతాను. ఒక పెద్దాయన పప్పన్నం కలపబోయి, వేళ్లు కదలక, కంచంలో చెయ్యి పెట్టినవారు పెట్టినట్టే ఉండిపోయారు. పదకొండు గంటలకు వేయవలసిన మాత్రను, అందరి మందులతో పాటు ఇద్దామని ఒంటిగంట వరకూ ట్రేలోనే ఉంచారు. వడ్డించే అమ్మాయి ఆయనకు ఆకలి లేదనుకుని కంచం తీసేసింది. ఆ పిల్లను తప్పుపట్టలేము, ఆమెకు ఎవరూ చెప్పలేదు. కానీ ఆ పూట ఆయన పస్తున్నారు.

కనుక మీవారి మందుల వేళలు కాగితం మీద రాసుకుని వెళ్లి, ఆ వేళలకే ఇవ్వగలరా అని అక్కడి నర్సును అడగండి. ఫ్లాట్లు అమ్మే మేనేజరును అడిగితే కుదురుతుందనే అంటాడు. మరొక జబ్బుతో ఆయనను ఆసుపత్రిలో చేర్చవలసి వచ్చినా ఈ మాత్రను ఉన్నట్టుండి ఆపకూడదని ఆ కాగితం మీదే పెద్ద అక్షరాలతో రాయించండి. మందు వేళలను మార్చవలసి వస్తే మాత్రం మీ న్యూరాలజిస్టునే సంప్రదించాలి.

ఈ జబ్బున్నవారికి పడుకుని లేచి నిలబడగానే రక్తపోటు పడిపోయి కళ్లు తిరగడం మామూలే. పైగా రాత్రిపూట మూత్రానికి లేవవలసి వస్తుంది, ఆ పది అడుగుల దూరంలోనే పడి తొంటి ఎముక విరిగే ప్రమాదం ఉంది. స్నానాల గదిలో గోడకు బిగించిన కడ్డీని పట్టుకుని గట్టిగా లాగి చూడండి, నేల మీద నీళ్లు పోసి జారుతుందో లేదో చూడండి. వీలైతే ఒక రాత్రి అతిథి గదిలో ఉండి, రెండు గంటల వేళ పిలుపు గంట నొక్కి, ఎవరు వస్తారో, ఎన్ని నిమిషాలకు వస్తారో గడియారం పెట్టి లెక్కించండి. పగలు పదిమంది కనిపించే చోట రాత్రికి కాపలాదారు ఒక్కడే మిగలడం నాకు తెలుసు. అంబులెన్సు ఆవరణలోనే ఉంటుందా, 108కి ఫోను చేసి ఎదురుచూడాలా అన్నది కూడా అప్పుడే అడగండి.

ఇక డబ్బు విషయం. కేంద్ర గృహనిర్మాణ శాఖ 2019లో రిటైర్మెంటు గృహాలకు నమూనా మార్గదర్శకాలు విడుదల చేసింది. కొనేవారు, కట్టేవారు, సేవలు అందించే సంస్థ, ఈ ముగ్గురి మధ్య ఒప్పందం ఉండాలని వాటిలో సూచించారు. కట్టినవారు ఫ్లాట్లు అమ్మేసి వెళ్లిపోతే భోజనమూ నర్సులూ ఎవరి బాధ్యత అన్న చిక్కు రాకుండా ఇది కాపాడుతుంది. ప్రాజెక్టు రెరా (స్థిరాస్తి నియంత్రణ చట్టం) కింద నమోదైందో లేదో చూసుకోండి. నెలవారీ రుసుము ఏటా ఎంత పెంచవచ్చో, మీ ఇద్దరిలో ఒకరే మిగిలినప్పుడు ఎంత కట్టాలో, విడిచి వెళితే డిపాజిట్టు ఎన్నాళ్లలో తిరిగి ఇస్తారో ఒప్పందంలో రాసి ఉండాలి. కాకినాడ ఇంటిని మాత్రం ఇప్పుడే అమ్మకండి. అద్దెకు ఇచ్చే ఫ్లాటు ఉంటే రెండు మూడు నెలలు ఉండి చూడండి.

మీ ఉత్తరంలో వయసు తప్ప మీ ఆరోగ్యం గురించి ఒక్క ముక్క కూడా లేదు, అది నన్ను బాధించింది. ఆయనను రాత్రీ పగలూ కనిపెట్టుకుని ఉంటున్నది మీరే. మీకు మోకాళ్ల నొప్పులో, జ్వరమో వచ్చిన వారం ఆయనను ఎవరు చూస్తారు? మంచి నివాసం మీకు చేయగల పెద్ద మేలు అక్కడే ఉంది. రోజుకు నాలుగు గంటలు ఆయనను నమ్మకంగా అప్పగించి మీరు కంటినిండా నిద్రపోగలిగితే, అక్కడికి వెళ్లడానికి ఆ ఒక్క కారణం చాలు.

ప్రశ్న: ప్రధానోపాధ్యాయుడిగా పదవీ విరమణ చేశాను, వయసు 81. ఏడాదిగా ఇటువంటి నివాసంలోనే ఉంటున్నాను. భోజనం, శుభ్రత విషయంలో ఫిర్యాదు లేదు. కానీ ఇరవై ఏళ్ల కుర్రవాడు వచ్చి "తాతా, లే, తిను" అంటే మనసు చివుక్కుమంటుంది. చెబితే చాదస్తం అనుకుంటారేమో?
— ఒక పాఠకుడు, హైదరాబాదు

జవాబు: మాస్టారూ, ఇందులో చాదస్తం ఏమీ లేదు. ఇంటి మనవడు "తాతా" అంటే అందులో చనువు ఉంటుంది. పేరు కూడా తెలియకుండా అందరినీ అదే పిలుపుతో పిలిస్తే మనిషి మంచం నంబరుగా మారిపోతాడు. ఇటువంటి చోట్ల పనిచేసే పిల్లలలో తెలుగు మాతృభాష కానివారు కూడా ఉంటారు. వారికి మీరు, నువ్వుల తేడా ఎవరూ నేర్పి ఉండరు. కోపగించుకోకుండా ఆ అబ్బాయిని కూర్చోబెట్టి, "నన్ను మాస్టారూ అని పిలు, లేవండి, తినండి అను" అని మీరే నేర్పండి. జీవితమంతా పిల్లలకు నేర్పినవారికి ఇది కష్టం కాదు. నివాసితుల సంఘం సమావేశంలో కూడా ఈ మాట ఎత్తండి, మీలాగే నొచ్చుకుని ఊరుకున్నవారు మరికొందరు తప్పక ఉంటారు. ప్రతి గది తలుపు లోపలివైపు ఒక కాగితం అంటించమని అడగండి: ఎలా పిలవాలి, ఏ చెవి బాగా వినిపిస్తుంది, ఎన్నింటికి నిద్ర లేస్తారు, కాఫీలో పంచదార వేయాలా వద్దా. కొత్తగా పనిలోకి వచ్చినవారికి కూడా ఆ గదిలోని మనిషి ఎవరో దానివల్ల తెలుస్తుంది.

ప్రశ్న: నన్ను జీవితాంతం చూసుకుంటానన్న మాట మీద ఇల్లు మా అబ్బాయికి గిఫ్ట్ డీడ్ రాసి ఇచ్చాను. రెండేళ్ల క్రితం నన్ను ఒక రిటైర్మెంటు హోమ్‌లో చేర్చాడు. ఆరు నెలలుగా రుసుము కట్టడం మానేశాడు. నాకు దారి ఉందా?
— ఒక పాఠకురాలు, గుంటూరు జిల్లా

జవాబు: ఉందమ్మా. తల్లిదండ్రులు, సీనియర్ సిటిజన్ల పోషణ, సంక్షేమ చట్టం 2007 కింద ఆర్డీవో అధ్యక్షతన ఉండే ట్రిబ్యునలుకు మీరే స్వయంగా దరఖాస్తు చేసుకోవచ్చు. నెలకు 10,000 రూపాయల వరకు పోషణ ఖర్చు ఇప్పించే అధికారం ట్రిబ్యునలుకు ఆ చట్టం ఇచ్చింది. అవతలివారికి నోటీసు అందిన 90 రోజులలోగా తేల్చాలని కూడా చెప్పింది. ఇంటి విషయంలో అదే చట్టంలోని 23వ సెక్షను మీకు ఆధారం. చూసుకోవాలన్న షరతు మీద ఇచ్చిన ఆస్తిని తీసుకున్నవారు ఆ షరతు నెరవేర్చకపోతే, బదిలీని రద్దు చేయమని కోరవచ్చు. అటువంటి షరతుపై బదిలీ జరిగినట్టు చూపించాలని సుప్రీంకోర్టు 2022లో స్పష్టం చేసింది. ఇది వృద్ధుల మేలు కోసం చేసిన చట్టం కనుక ఉదారంగా అన్వయించాలని 2025 జనవరి తీర్పులో చెప్పి, ఒక తల్లి రాసిన గిఫ్ట్ డీడ్‌ను రద్దు చేసింది. ఆ కేసులో కొడుకు రాసి ఇచ్చిన హామీ పత్రం విడిగా ఉంది. అందువల్ల మీ దస్తావేజులో పోషణ గురించి వాక్యం ఉందేమో ముందుగా చదివించుకోండి. లేకపోతే ఆ మాట ఇచ్చినట్టు తెలిపే ఉత్తరం, ఫోను సందేశం, పెద్దమనుషుల సమక్షంలో రాసుకున్న కాగితం ఏదైనా వెతకండి. అబ్బాయి మొదటి పద్దెనిమిది నెలలు రుసుము కట్టిన రసీదులు హోమ్ కార్యాలయంలో ఉంటాయి, వాటి నకళ్లు తీసుకుని దరఖాస్తుకు జతచేయండి. ఎలా రాయాలో తెలియకపోతే వృద్ధుల సహాయవాణి 14567కు ఫోను చేయండి, ఆ కాల్‌కు ఖర్చు ఉండదు. బకాయి విషయం హోమ్ యాజమాన్యానికి మీరే ముందుగా చెప్పి, దరఖాస్తు నకలు వారికి కూడా ఒకటి ఇవ్వండి.