మందుకు లొంగని కలుపుకు సెక్షన్ 18 అనుమతి: దరఖాస్తు ఎక్కడ నిలుస్తుంది, ఎక్కడ ఆగిపోతుంది

మీ ప్రశ్న సారాంశం ఇది. మీరు అమెరికాలో చక్కెర దుంప (షుగర్ బీట్) రైతులకు పంట సలహాదారు. వాటర్‌హెంప్ అనే కలుపు మొక్క గ్లైఫోసేట్ మందుకు చావడం మానేసింది. సోయాబీన్‌లో వాడే అల్ట్రా బ్లేజర్ అనే కలుపు మందు దానిమీద పనిచేస్తుంది, కానీ దుంప పంటకు రిజిస్ట్రేషన్ లేదు. అమెరికా పురుగుమందుల చట్టం (ఫిఫ్రా) సెక్షన్ 18 కింద మిన్నెసోటా, నార్త్ డకోటాలకు 2021 నుంచి ఇచ్చిన అత్యవసర అనుమతి మీ రాష్ట్రానికీ వస్తుందా, లేక అదే చట్టంలోని సెక్షన్ 24(సి)తో సరిపోతుందా అని అడిగారు. ఇలాంటి దారి ఆంధ్ర, తెలంగాణల్లో ఉందా అని కూడా అడిగారు.

ముందు 24(సి) సంగతి, ఎందుకంటే చాలామంది ఇక్కడే నెలలు పోగొట్టుకుంటారు. ఆ సెక్షన్ కింద రాష్ట్రమే స్థానిక అవసరానికి అదనపు రిజిస్ట్రేషన్ ఇవ్వగలదు. అయితే ఆహార పంట అయితే ఆ మందుకు ఆ పంటలో అవశేష పరిమితి (టాలరెన్స్) అప్పటికే ఉండాలి. అల్ట్రా బ్లేజర్‌లోని అసిఫ్లూర్ఫెన్‌కు సోయా, వేరుశనగ, వరిలో ఉంది, దుంపలో లేదు. కాబట్టి మీకు ఆ తలుపు మూసే ఉంది. సెక్షన్ 18లో మాత్రం అనుమతితో పాటే కాలపరిమితి గల టాలరెన్స్‌ను ఈపీఏ (అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ) స్వయంగా నిర్ణయిస్తుంది.

దరఖాస్తు రైతు పెట్టలేడు, కంపెనీ పెట్టలేదు, విశ్వవిద్యాలయమూ పెట్టలేదు. రాష్ట్ర వ్యవసాయ శాఖ లేదా ఒక ఫెడరల్ సంస్థ మాత్రమే పెట్టాలి. మీ పని ఆ శాఖలో పురుగుమందుల విభాగానికి ఫైల్ తయారుచేసి ఇవ్వడం. భారతదేశంలో పరిస్థితి దీనికి తలకిందులు. 1968 నాటి ఇన్సెక్టిసైడ్స్ చట్టం కింద అనుమతి అధికారం మొత్తం కేంద్ర రిజిస్ట్రేషన్ కమిటీది. రాష్ట్రానికి సెక్షన్ 27 కింద ఉన్నది ఒక మందును కొద్ది రోజులు ఆపే అధికారమే, కొత్త మందును అనుమతించేది కాదు. 2018లో కత్తెర పురుగు మొక్కజొన్న మీద పడ్డాక కొన్ని మందులకు తాత్కాలికంగా అనుమతి ఇచ్చిందీ కేంద్రమే. అందుకని అక్కడి రైతుకు ఈ దారి గురించి చెప్పి ఆశ పెట్టకండి. లేబుల్‌లో ఆ పంట పేరు లేని కలుపు మందు కొట్టమని ఎవరు చెప్పినా, పంట మాడితే నష్టం రైతుదే.

ఇక మీ ఫైల్. రెండు చోట్ల అది గట్టిగా ఉండాలి: నష్టం లెక్క, అవశేషాల లెక్క. మిగతాదంతా శ్రద్ధ ఉంటే వచ్చేస్తుంది.

పరిస్థితి అత్యవసరం, మామూలుగా జరిగేది కాదు, రిజిస్టరైన మందులు పనిచేయడం లేదు, ఆచరణకు వీలయ్యే వేరే పద్ధతి లేదు అని చూపాలి. "మందు కొట్టాం, చావలేదు" అన్న మాట సరిపోదు. మోతాదు తక్కువైందా, కలుపు ఎత్తు పెరిగాక కొట్టారా, నాజిల్ మూసుకుపోయిందా అనే అనుమానం మొదట తీరాలి. పొలంలో చూడాల్సింది చచ్చిన మొక్క పక్కనే అదే ఎత్తు ఉన్న బతికిన మొక్క. మిగతా కలుపులన్నీ పోయి ఇదొక్కటే నిలబడితే నిరోధకత అనుకోవచ్చు. బతికినవి బారులు తీరి ఉంటే అది స్ప్రేయర్ లోపం. ప్రతి ఫోటోకీ తేదీ, మందు మోతాదు, కొట్టిననాటి కలుపు ఎత్తు రాసి పెట్టండి. వాటర్‌హెంప్‌లో ఆడ, మగ మొక్కలు వేరు. గింజ ఆడ మొక్కల నుంచే సేకరించాలి, కాగితపు సంచుల్లోనే పెట్టాలి. ప్లాస్టిక్ సంచిలో తేమ చేరి బూజు పడితే గ్రీన్‌హౌస్ పరీక్షకు పనికిరాదు. కలుపు మొలవకముందే నేలకు వేసే మందులనూ లెక్కలో చూపాలి. డ్యుయల్ మాగ్నమ్, అవుట్‌లుక్, వారెంట్ లాంటివి పొరలు పొరలుగా వేసినా వాన పడక నేలలో పనిచేయని ఏడాది మొలకలు ఎలా దాటిపోతాయో వివరించండి. వాటర్‌హెంప్ వేసవి పొడవునా మొలుస్తూనే ఉంటుంది. మందు పొర బలం తగ్గాక వచ్చే మొలకలే మీ అసలు సమస్య. మొలిచిన కలుపు మీద కొట్టే బీటామిక్స్ తయారీ ఆగిపోయింది గనుక దుంపలో మొలకల మీద కొట్టగలిగినవి ఎంత తక్కువ మిగిలాయో కూడా రాయండి.

నష్టం లెక్కకు 2006 నిబంధనల్లో మూడు మెట్లున్నాయి. మొదటిది దిగుబడి నష్టం 20 శాతం లేదా ఎక్కువ. మామూలు దిగుబడి ఎకరాకు 28 టన్నులనుకుంటే, 5.6 టన్నులు తగ్గి 22.4 టన్నులకు దిగాలి. అంత లేకపోతే రెండో మెట్టు: చక్కెర శాతం తగ్గడం, కూలీలతో కలుపు తీయించిన అదనపు ఖర్చు కూడా కలిపి, ఆ నష్టం స్థూల ఆదాయంలో 20 శాతం దాటాలి. అదీ కుదరకపోతే నికరాదాయంలో 50 శాతం. నేను చూసిన ఫైళ్లలో వెనక్కి వచ్చినవి ఎక్కువగా ఇక్కడే తప్పాయి. దిగుబడి తగ్గినట్టు చూపిస్తారు, కానీ మామూలు ఏడాది అంటే ఏమిటో చూపరు. కనీసం గత 5 ఏళ్ల దిగుబడి, ధర, సాగు ఖర్చు పట్టికగా పెట్టండి. వాన ముంచిన ఏడాది ఉంటే దాన్ని దాచకండి, విడిగా గుర్తు పెట్టి వివరించండి.

అవశేషాల దగ్గర 2014 టెక్సాస్ ఉదంతం అందరూ చదవాలి. పత్తిలో గ్లైఫోసేట్‌కు లొంగని పామర్ అమరాంత్ (మన తోటకూర జాతిదే) కోసం టెక్సాస్ వ్యవసాయ శాఖ ప్రొపజీన్‌కు అనుమతి అడిగింది. జొన్నలో వాడుతున్న మందే. విస్తీర్ణం 30 లక్షల ఎకరాల వరకు. ఆ ఏడాది జూలైలో ఈపీఏ కాదంది. తాగునీటి కోణమే అడ్డు తగిలింది. ప్రొపజీన్ కూడా అట్రజీన్, సిమజీన్ కోవదే. శరీరంలో ఒకే విధంగా పనిచేసే మందుల ముప్పును కలిపి లెక్కేస్తారు కాబట్టి, అంత విస్తీర్ణంలో అదనంగా వేస్తే సురక్షితమని తేల్చలేకపోయింది. పొలంలో నష్టం నిజమే, పేపర్లలో నీళ్లు అడ్డం వచ్చాయి. మీరు అడిగే ఎకరాలు నిజంగా సమస్య ఉన్న కౌంటీలకే పరిమితం చేయండి. ముందుజాగ్రత్తకని రాష్ట్రమంతా రాస్తే ముప్పు అంచనా పెరుగుతుంది, అనుమతి జారిపోతుంది.

ఎప్పుడు పెట్టాలి? ఈపీఏ తనకు తాను పెట్టుకున్న లక్ష్యం 50 రోజులు. ఫైల్‌లో ఏదైనా లోపిస్తే గడియారం ఆగుతుంది. జూన్‌లో కొట్టాలంటే డిసెంబర్, జనవరి కల్లా రాష్ట్ర శాఖ చేతిలో ఉండాలి. కంపెనీ నుంచి సమ్మతి ఉత్తరం, మందు సరుకు ఉందన్న హామీ కూడా ఫైల్‌తో పాటే రావాలి. ఆలస్యమైతే క్రైసిస్ మినహాయింపు ఉంది కదా అంటారు. అది రాష్ట్రమే జారీ చేయగలదు, కానీ 15 రోజులకే. ఆలోగా పూర్తి దరఖాస్తు పడితేనే నిర్ణయం వచ్చేదాకా కొనసాగుతుంది. ఎన్నడూ రిజిస్టర్ కాని కొత్త మూలపదార్థానికి అది వర్తించదు.

అనుమతి వచ్చాక పొలంలో జరిగే తప్పులు వేరు. ఆ రెండు రాష్ట్రాల అనుమతిలో అల్ట్రా బ్లేజర్ మోతాదు ఎకరాకు 16 ఫ్లూయిడ్ ఔన్సులు, అంటే దాదాపు 473 మి.లీ., సీజన్‌కు ఒక్కసారి, దుంప 6 ఆకులు దాటాకే. ఇది తాకినచోటే కాల్చే మందు, మొక్కలోపలికి పెద్దగా పాకదు. అందుకే కలుపు 2 నుంచి 4 అంగుళాల లోపు ఉండగానే కొట్టాలి. ఎత్తు పెరిగాక కొడితే పైభాగం మాడిపోయి, పక్క కణుపుల నుంచి చిగురించి వారంలో మళ్లీ నిలబడుతుంది. ఎకరాకు 15 నుంచి 20 గ్యాలన్ల నీరు, ఆకు బాగా తడిసేలా మధ్యరకం తుంపరలు పడాలి. డికాంబా అనే కలుపు మందుకు వాడే ముతక తుంపరల నాజిల్ దీనికి పెట్టకండి. దుంప ఆకులు కంచు రంగుకు మారి అంచులు మాడితే రైతు భయపడతాడు. ముందే చెప్పి ఉంచండి, కొత్త ఆకులు శుభ్రంగా వస్తాయి. కానీ గ్లైఫోసేట్‌తో కలిపి, నూనె కలిపిన సహాయకంతో, మండే ఎండలో కొడితే ఆ దెబ్బ చాలా ఎక్కువవుతుంది. ఎండ తీవ్రంగా ఉన్న మధ్యాహ్నం వదిలి చల్లబడ్డాక కొట్టించండి. గ్లైఫోసేట్‌ను విడిగా వేయండి.

సెక్షన్ 18 లేబుల్ ప్రతి కొట్టేవాడి చేతిలో ఉండాలి. పక్క కౌంటీ జాబితాలో లేకపోతే గట్టు అవతల కొట్టినా అది అక్రమమే. "అనుమతి రేపోమాపో వస్తుంది" అని ముందే కొట్టిన దుంపల్లో అవశేషం దొరికితే దానికి టాలరెన్స్ వర్తించదు, ఫ్యాక్టరీ తీసుకోదు. ఈ ఒక్క విషయంలో రైతును ఎంత గట్టిగా ఆపినా తప్పులేదు.

ఇంకోటి, అల్ట్రా బ్లేజర్ పీపీఓ వర్గం, అంటే మొక్కలో పీపీఓ అనే ఎంజైమును అడ్డుకునే మందుల కోవ. ఈ వర్గానికీ లొంగని వాటర్‌హెంప్ 2001లోనే కాన్సాస్‌లో బయటపడింది. కాబట్టి ఇది దాటిపోయిన మొలకలను పట్టడానికే. నేల మందుల పొరలు మానేసి దీనిమీదే ఆధారపడితే, రెండో ఏడాది దరఖాస్తులో "పనిచేస్తుంది" అని రాయడానికి మీ దగ్గర సాక్ష్యం మిగలదు. కొట్టాక మిగిలిన మొక్కలను గింజ పట్టకముందే చేత్తో పీకించండి, ఒక్క ఆడ మొక్క లక్షల గింజలు రాలుస్తుంది.

అనుమతి గడువు ముగిసిన 6 నెలల్లోగా రాష్ట్రం తుది నివేదిక ఇవ్వాలి. ఎన్ని ఎకరాలు, ఎంత మందు, ఎంత పనిచేసింది, పంటకు ఏమైనా నష్టం జరిగిందా అన్నవి అందులో ఉండాలి. ఆ సంఖ్యలు రైతుల నుంచి సీజన్‌లోనే తీసుకోండి, చలికాలంలో ఎవరికీ గుర్తుండవు. మూడేళ్లు అనుమతి పొందాక కూడా పూర్తి రిజిస్ట్రేషన్ దరఖాస్తు పడకుండా మళ్లీ ఇదే అడిగితే, రిజిస్ట్రేషన్ దిశగా తగినంత కదలిక లేదని ఈపీఏ భావిస్తుంది. చిన్న పంటల కోసం అవశేష పరీక్షలు చేసే ఐఆర్-4 ప్రాజెక్టు వెనక ఉంటే ఆ గడువు ఐదేళ్లకు పెరుగుతుంది. అందుకని మొదటి దరఖాస్తు పెట్టే చలికాలంలోనే ఐఆర్-4కు కూడా మీ విన్నపం పంపండి.